రెండు మర్రిచెట్లు: ఎండకూ గాలికీ హక్కుదారులెవరు?

షార్జా నగరంలో రోలా అన్న పేటకు ఆ పేరు ఒక చెట్టువల్ల వచ్చింది. ఎమిరేట్ల అరబ్బీ వాడుకలో రోలా అంటే మర్రి. 19వ శతాబ్దంలో నాటినదని చెప్పుకొనే ఆ మర్రిచెట్టు 1978లో కూలిపోయేంతవరకు ఊరికి నడిబొడ్డుగా నిలిచింది. పండుగనాళ్ళలో దాని కొమ్మలకు ఊయలలు కట్టేవారు. బాటసారులూ బేరగాళ్ళూ దాని నీడన కూర్చునేవారు. చెట్టు పోయిన చోట తరువాతి కాలంలో చతురస్రాకారపు ఉద్యానవనం, చెట్టును తలపించే స్మారక చిహ్నం వెలిశాయి. ఇప్పుడు సెలవురోజుల్లో ఆ పచ్చికమీద కూర్చునేవారిలో కడప, కరీంనగర్, నిజామాబాద్, గోదావరి ప్రాంతాలనుంచి వచ్చిన తెలుగువారు కూడా ఉంటారు. ఊరి కబుర్లు, అప్పుల లెక్కలు, ఇంటికి పంపవలసిన డబ్బు, కొత్త పని జాడ వంటివన్నీ అక్కడే నడుస్తాయి. చెట్టు లేకపోయినా రచ్చబండ మిగిలిందన్నమాట.

తెలుగునేలమీద మరో మర్రి ఉంది. కదిరికి సమీపాన, నంబులపూలకుంట మండలంలోని గూటిబయలు వద్ద ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది. దాదాపు ఐదెకరాల మేర నీడనిచ్చే ఆ చెట్టు ప్రపంచంలోని మహావృక్షాలలో ఒకటి. అదే మండలంలో 2016లో సౌర విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. సౌర ఫలకాల లెక్కలో ఒక మెగావాటు విద్యుత్తుకు సుమారు ఐదెకరాలు కావాలి. అంటే తిమ్మమ్మ మర్రిమాను పరుచుకున్నంత నేల ఒక మెగావాటుకు సరిపోతుంది. అక్కడ తలపెట్టిన పార్కు సామర్థ్యం 1,500 మెగావాట్లు. అంతటి నేల ఎవరిది, ఎవరిని అడిగి తీసుకున్నారు, దానినుంచి వచ్చే ఫలం ఎవరికి చేరుతున్నది అన్న మూడు ప్రశ్నలే ఇంధన న్యాయం అన్న చర్చకు మూలం.

పరిశోధకులు 2013 ప్రాంతంనుంచి ఈ భావనను మూడు పాయలుగా విడదీసి చూస్తున్నారు. లాభనష్టాలు ఎవరికెంత దక్కాయన్నది పంపిణీ న్యాయం. నిర్ణయంలో ఎవరి మాటకు చోటు ఉందన్నది ప్రక్రియా న్యాయం. అసలు ఎవరిని మనుషులుగా, హక్కుదారులుగా లెక్కించారన్నది గుర్తింపు న్యాయం. మొదటి రెండింటిమీద జరిగినంత వాదన మూడవదానిమీద జరగలేదు. రాయలసీమ అనుభవం చూస్తే అన్నిటికంటే ముందు వచ్చేది మూడవదే అనిపిస్తుంది.

బంజరు అన్న మాట

1800లో నిజాము కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉండి భూమిని కొలిపించి, రైతువారీ విధానానికి పునాది వేశాడు. ఆ కొలతకు ఒక ప్రయోజనం ఉంది: ఏ చెక్క ఎంత శిస్తు ఇవ్వగలదో తేల్చడం. శిస్తు ఇచ్చే నేలకు పేరు, నంబరు, పట్టాదారు ఏర్పడ్డారు. శిస్తు ఇవ్వని నేల బంజరు, బీడు, పోరంబోకు అన్న పద్దుల కిందికి పోయింది. కాలక్రమాన ఖజానాకు పనికిరానిది అన్న అర్థం ఎవరికీ పనికిరానిది అన్న అర్థంగా మారిపోయింది.

వాస్తవంలో ఆ నేలలు ఖాళీగా ఎన్నడూ లేవు. గొర్రెలకాపరులకు అవి మేత బీళ్ళు. ఇళ్ళు కప్పుకొనే బోదగడ్డి, చీపుర్లకు పుల్లలు, బుట్టలకు ఈతాకు, పొయ్యిలోకి కట్టెలు అక్కడినుంచే వచ్చేవి. కొండవాలుమీద పడిన వాన ఆ గడ్డిలో ఇంకి, వంకలుగా దిగి కింది చెరువులను నింపేది. వానలు తక్కువైన అనంతపురం జిల్లాలో వేరుశనగ పండని ఏడాది కూడా ఇల్లు గడిచిందంటే అందులో ఆ బీళ్ళ పాలు తక్కువ కాదు. ఈ ఆదాయమేదీ రెవెన్యూ దస్త్రంలో కనిపించదు.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం ఇలాంటి భూములలో కొన్నింటిని పేదలకు పంచింది. వాటినే అసైన్డ్ భూములంటారు. వాటికిచ్చే పత్రానికి ఊళ్ళలో డి-పట్టా అని వాడుక. పేదల చేతిలోని ఈ భూమి పెత్తందారుల పాలు కాకూడదని 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పట్టాలలో ఒక షరతు ఉండేది: ప్రజాప్రయోజనం కోసం కావలసివస్తే ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకోవచ్చు. అమ్ముకునే హక్కు లేనివాడికి పరిహారం ఎందుకన్న వాదన చాలాకాలం నడిచింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. అసైన్డ్ రైతుకు కూడా సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఈనాడు సౌర పార్కులకింద భూమి ఇచ్చిన అసైన్డ్ రైతుల బేరసారాలన్నిటికీ వెన్నుదన్ను ఆ తీర్పే.

అయితే ఆ తీర్పు కాపాడగలిగింది కాగితం ఉన్నవారిని. ఏళ్ళ తరబడి దున్నుతూ కూడా పట్టా పొందనివారు, కౌలుదారులు, కూలీలు, మందలు తోలుకొనే కాపరులు ఆ రక్షణకు వెలుపలే ఉండిపోయారు. సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. అది పంటరుణానికీ బీమాకూ ఉద్దేశించినది. భూమిమీద హక్కును కల్పించదు. ఇందులో ఒక వైచిత్రి ఉంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న పట్టాదారుకు తన పొలాన్ని సౌర కంపెనీకి లీజుకిస్తే ఏటా కౌలు చేరుతుంది. అదే పొలాన్ని పదేళ్ళుగా దున్ని బతుకుతున్నవాడికి లేచిపొమ్మన్న కబురు మాత్రమే చేరుతుంది. విదేశాలలో ఉన్న తెలుగువారికి ఈ చర్చ దూరపు విషయం కాదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

కల్పవల్లి కొండలమీద గాలిమరలు

బంజరు అన్న పద్దుకూ బతికున్న నేలకూ మధ్య ఉన్న ఎడం బాగా బయటపడినది పవన విద్యుత్తు విషయంలో. అనంతపురం జిల్లా రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు నిలిచాయి. దేశంలో పవన విద్యుత్తుకు అవి తొలిరోజులు. అక్కడికి చేరువలోనే, చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చుట్టుపక్కల గ్రామాలవారితో కలిసి కల్పవల్లి అన్న పేరుతో వేలాది ఎకరాల బోడికొండలను కాపాడే పని మొదలుపెట్టింది. అక్కడ మొక్కలు నాటడంకన్నా ఎక్కువగా జరిగింది మంటలు రాకుండా చూడడం, మేతకు కట్టుబాటు పెట్టడం, కావలివాళ్ళను నిలపడం. రెండు దశాబ్దాలలో గడ్డి తిరిగి లేచింది. ఈతచెట్లు వచ్చాయి. వంకలలో నీరు నిలిచింది. గ్రామాలవారు సహకార సంఘంగా ఏర్పడి ఆ అడవి ఫలాన్ని పంచుకున్నారు.

రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ కొండలు మొదటినుంచి చివరిదాకా బంజరుగానే ఉన్నాయి. 2010 తరువాతి సంవత్సరాలలో ఆ శిఖరాలమీద గాలిమరలు వెలిశాయి. గాలిమర కింద ఆక్రమించే చోటు చిన్నదే. కానీ దాని రెక్కలను, స్తంభపు ముక్కలను మోసుకొచ్చే పొడవైన లారీలు ఎక్కాలంటే కొండను చెక్కి వెడల్పాటి బాటలు వేయాలి. ఆ బాటల మట్టి వానకు కొట్టుకుపోయి వంకలను పూడ్చిందనీ, మేత నేల ముక్కలైందనీ గ్రామస్థులు వాదించారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలిమరలను వ్యతిరేకించడం వారి ఉద్దేశం కాదు. తాము ఇరవై ఏళ్ళు కాపాడిన కొండమీద ఏమి కట్టాలో నిర్ణయించేటప్పుడు తమను ఎందుకు అడగలేదన్నదే వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది. అడగనక్కరలేదు. అదెలా వచ్చిందో తెలియాలంటే తెలుగునేలమీద విద్యుత్తుకూ ప్రజల మాటకూ ఉన్న సంబంధపు చరిత్రను కొంత వెనక్కి వెళ్ళి చూడాలి.

అడగని కాలం, అడిగిన కాలం

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైనప్పుడు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఆదివాసుల సమ్మతి గురించి మాట్లాడే చట్టమేదీ లేదు. జలవిద్యుత్తు కూడా పునరుత్పాదకమే అని గుర్తుంచుకోవాలి. శ్రీశైలం ప్రాజెక్టు నాటికీ పరిస్థితి మారలేదు. మొదట విద్యుత్ ప్రాజెక్టుగానే తలపెట్టిన ఆ ఆనకట్ట వెనుక కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981 వేసవిలో, నీళ్ళు రాకముందే ఇళ్ళను కూల్చి జనాన్ని కదిలించారు. అధికారులు ఆ పనికి పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలు కల్పించాలని 1986లో వెలువడిన 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు అమలు కోసం రెండో తరంవారు కూడా ధర్నాలు చేయవలసివచ్చింది. ఆంధ్రదేశమంతా వెలుగు చూసిన ఏళ్ళలో ఆ ఊళ్ళు చీకట్లో కలిశాయి.

1990లలో కొంత మార్పు వచ్చింది. 1994లో పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి అయింది. 1997 ఏప్రిల్‌లో దానికి ప్రజాభిప్రాయ సేకరణ కూడా జతపడింది. పెద్ద ప్రాజెక్టు రాబోయే చోట నోటీసు ఇచ్చి, సభ పెట్టి, జిల్లా అధికారుల ఎదుట ఊరివారి మాట నమోదు చేయాలన్న నియమం అది. సభలు తూతూమంత్రంగా జరిగిన సందర్భాలు కోకొల్లలు. అయినా, ఊరి అభ్యంతరానికి దస్త్రంలో చోటు దొరకడం అదే మొదలు.

అదే సంవత్సరం జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాలలోని భూమిని ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదన్నది దాని సారాంశం. విశాఖ మన్యంలోని అనంతగిరి ప్రాంతపు గనుల వివాదంనుంచి పుట్టిన ఆ తీర్పు దేశమంతటికీ ప్రమాణమైంది.

విద్యుత్తు ధర విషయంలో ప్రజల మాటకు చోటు దొరకడం వెనుక మరింత బాధాకరమైన కథ ఉంది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. ఛార్జీలు పెంచాలంటే ఆ మండలి బహిరంగ విచారణ జరపాలి. 2000లో తొలి పెంపు ప్రకటన వెలువడగానే రాష్ట్రమంతా ఉద్యమించింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులలో ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు రావడానికి నేపథ్యం ఈ ఉద్యమమే. దీనికి మరో ఫలితం కూడా ఉంది. నియంత్రణ మండలి విచారణలకు రైతుసంఘాలు, వినియోగదారుల వేదికలు, స్వతంత్ర పరిశీలకులు లెక్కల కాగితాలతో హాజరై కొనుగోలు ఒప్పందాలను వరుసవారీగా ప్రశ్నించే అలవాటు తెలుగునాట స్థిరపడింది. 2003 విద్యుత్ చట్టం ఆ హక్కును దేశమంతటికీ చట్టబద్ధం చేసింది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట ఈ రెండు పాయలు కలిసే చోటు. అక్కడి చిత్తడినేలను స్థానికులు బీల అంటారు. చేపలు, జమ్ముగడ్డి, పశువుల మేత, చుట్టుపక్కల పొలాలకు నీటి ఊట దాని ఫలాలు. థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించినప్పుడు అది కూడా పనికిరాని నేలగానే పరిగణన పొందింది. 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గ్రామాలవారు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. సరిగ్గా అదేరోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీల గురించి ఊరివారు చెబుతూ వచ్చిన మాటే చివరికి నిలిచింది.

పరిశుభ్రతకు దక్కిన మినహాయింపు

2006 సెప్టెంబరులో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను తిరగరాశారు. అనుమతి అవసరమైన ప్రాజెక్టుల పట్టికలో థర్మల్, జల, అణు విద్యుత్తు ఉన్నాయి. గాలిమరలు, సౌర ఫలకాలు లేవు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వీటిని కాలుష్యం దాదాపు లేని ‘తెల్ల’ వర్గంలో చేర్చింది.

దీని వెనుక ఉన్న తర్కం అర్థంకానిది కాదు. పొగగొట్టం లేదు, బూడిద చెరువు లేదు, బొగ్గు లారీలు లేవు. వాతావరణ మార్పు తరుముకొస్తున్నప్పుడు మంచి పనికి అడ్డంకులు తగ్గించడం అవసరమే. రాయలసీమ వంటి కరవు ప్రాంతానికి ఎండ ఒక వనరుగా మారడం చిన్న విషయమూ కాదు. అయితే ప్రజాభిప్రాయ సేకరణ పొగకోసం మాత్రమే పుట్టినది కాదు. భూమి, నీరు, మేత, దారి వంటివాటిమీద ప్రాజెక్టు చూపే ప్రభావం కూడా ఆ సభలోనే చర్చకు వచ్చేది. కాలుష్యం లేదు కాబట్టి అనుమతి అక్కరలేదన్నప్పుడు, అనుమతితోపాటు ఊరిసభ కూడా ఎగిరిపోయింది. మురికి విద్యుత్తును ప్రశ్నించడానికి ఊరికి ఉన్న వేదిక శుభ్రమైన విద్యుత్తు వచ్చేసరికి లేకుండాపోయింది.

కల్పవల్లి వంటి చోట్ల ఇందులోని వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో పవన విద్యుత్ ప్రాజెక్టులు క్యోటో ఒప్పందపు యంత్రాంగం కింద కార్బన్ క్రెడిట్లకు దరఖాస్తు చేసుకునేవి. ఆ దరఖాస్తుకు స్థానికులతో సంప్రదింపులు జరిపినట్టు చూపడం తప్పనిసరి. అంటే స్వదేశీ చట్టం అడగనక్కరలేదన్న మాటను విదేశీ మార్కెట్టు అడిగావా అని ప్రశ్నించింది. కొండమీద కాపరికి జవాబుదారీ కాని నివేదిక బాన్ నగరంలోని కార్యాలయానికి జవాబుదారీ అయింది.

2014 డిసెంబరులో కేంద్రం సౌర పార్కుల పథకాన్ని ఆమోదించింది. 20,000 మెగావాట్ల లక్ష్యాన్ని 2017లో 40,000కు పెంచింది. పార్కు అంటే ప్రభుత్వం భూమిని సేకరించి, చదును చేసి, బాటలు, సబ్‌స్టేషన్లు, ప్రసార లైన్లు ఏర్పరచి కంపెనీలకు అప్పగించే ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం కేంద్ర సౌర సంస్థ సెకీ, రాష్ట్ర జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి ఒక ఉమ్మడి సంస్థను నెలకొల్పాయి. అనంతపురం జిల్లా నంబులపూలకుంటకు నాటి కడప జిల్లా గాలివీడును కలిపి ఒక పార్కు, కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల పరిసరాలలో దాదాపు 6,000 ఎకరాలలో 1,000 మెగావాట్ల మరో పార్కు రూపొందాయి. 2017లో పూర్తయిననాటికి కర్నూలు పార్కు ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటి.

ధరలు వేగంగా పడ్డాయి. 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ పార్కుకు వచ్చిన బిడ్ యూనిట్‌కు 4.63 రూపాయలైతే, 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు వచ్చినది 3.15 రూపాయలు. ఫలకాల ధర తగ్గడం దీనికి ప్రధాన కారణం. సిద్ధంగా ఉన్న భూమి, ప్రభుత్వం భరించిన వసతులు, కొనుగోలు హామీ తోడ్పడ్డాయి. చవకైన విద్యుత్తు వినియోగదారులందరికీ మేలే. అయితే ఆ చవకతనంలో ఎంత భాగం సాంకేతికత ఇచ్చినది, ఎంత భాగం మేతబీడు పోగొట్టుకున్న కాపరి చెల్లించినది అన్న పద్దు ఏ బిడ్ పత్రంలోనూ ఉండదు. నిర్మాణ సమయంలో ఊళ్ళో పని దొరుకుతుంది. కంచె పూర్తయ్యాక ఫలకాలు తుడిచేవారు, కావలివారు మినహా మనుషుల అవసరం తక్కువ. వేరుశనగ పొలంలో కలుపు తీసిన మహిళా కూలీలకు ఆ ఎకరంలో మునుపటి పనిదినాలు తిరిగిరావు.

గల్ఫ్ నుంచి సీమకు తిరిగివచ్చిన డబ్బు

గాలివీడు, రాయచోటి, రాజంపేట ప్రాంతాలకూ గల్ఫ్ దేశాలకూ ఉన్న బంధం కొన్ని దశాబ్దాలది. వానలు లేక, బోర్లు ఎండి, వేరుశనగ దెబ్బతిన్నప్పుడల్లా అక్కడినుంచి కువైట్‌కూ ఎమిరేట్లకూ మనుషులు వెళ్ళారు. చమురు ఆదాయంతో లేచిన నగరాలను కట్టిన చేతులలో సీమ చేతులూ ఉన్నాయి. 1980లో సజా క్షేత్రంలో సహజవాయువు దొరికిన తరువాత షార్జా విస్తరించిన తీరులో ఆ శ్రమ పాలు కనబడుతుంది. వేసవి నెలలలో మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఆరుబయట పని చేయించరాదన్న నియమం ఎమిరేట్లలో అమలులో ఉంది. ఎండ భారం ఎవరి ఒంటిమీద పడుతుందో ఒప్పుకున్న నియమమది.

ఈ శతాబ్దంలో ప్రయాణం రెండో దిక్కుకు కూడా సాగింది. 2009లో అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థకు అబూధాబీ కేంద్రస్థానమైంది. చమురు నిల్వలమీద ఆర్జించిన ధనం ఎండనూ గాలినీ వెతుక్కుంటూ బయలుదేరింది. అబూధాబీ పెట్టుబడుల సంస్థ 2016లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో కంపెనీలో సింగపూరు ప్రభుత్వ నిధితోపాటు వాటా తీసుకుంది. ఆ కంపెనీ నేటి నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద సౌర, పవన విద్యుత్తుతోపాటు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రాన్ని చేపట్టింది. 2022 మే 17న దానికి శంకుస్థాపన జరిగింది. పగటి ఎండతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి విద్యుత్తు తీయడం దాని పద్ధతి. గోరకల్లు జలాశయంనుంచి తీసుకున్న నీరే మళ్ళీమళ్ళీ తిరుగుతుంది.

ఇందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. పెట్టుబడి లేకుండా ఇంత పెద్ద మార్పు సాధ్యం కాదు. 2023 డిసెంబరులో దుబాయిలో జరిగిన వాతావరణ సదస్సు 2030 నాటికి ప్రపంచ పునరుత్పాదక సామర్థ్యాన్ని మూడింతలు చేయాలని పిలుపునిచ్చింది. ఆ మూడింతలలో రాయలసీమ, పాలమూరు, తూర్పుకనుమల వంతు గణనీయంగానే ఉంటుంది. గమనించవలసినది రెండు ప్రయాణాల మధ్య ఉన్న తేడాను. డబ్బు వచ్చినప్పుడు దాని హక్కులను పాతికేళ్ళ ఒప్పందం కాపాడుతుంది. వివాదం వస్తే న్యాయస్థానాలు ఆ ఒప్పందానికి అండగా నిలుస్తాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర ధరలను తిరిగి బేరమాడబోయినప్పుడు జరిగిందదే. మనిషి వెళ్ళినప్పుడు అతడికి ఉన్న కాగితం వీసా. ఊళ్ళో మిగిలిపోయిన కౌలుదారుకు ఆ కాగితం కూడా లేదు.

తూర్పుకనుమలలో ఈ ప్రశ్న మరో రూపంలో నిలిచి ఉంది. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలలో పంప్డ్ స్టోరేజి ప్రతిపాదనలు వచ్చినప్పుడు ఆదివాసీ గ్రామాలు గ్రామసభ సమ్మతి ఏదని అడిగాయి. 1996 పీసా చట్టం, 2006 అటవీహక్కుల చట్టం, సమత తీర్పు వారి చేతిలో ఉన్నాయి. అడగడానికి ఆధారం ఉన్నచోట ఊరు అడగగలుగుతున్నది. మైదానంలోని మేతబీడుకు అలాంటి ఆధారమేదీ లేదు.

వాటాదారులుగా ఊరివారు

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. డెన్మార్క్‌లో 2000లో కోపెన్‌హాగన్ తీరాన కట్టిన మిడెల్‌గ్రున్డెన్ పవన కేంద్రంలో 20 గాలిమరలున్నాయి. అందులో సగం 8,500 మందికి పైగా సభ్యులున్న సహకార సంఘానిది. ఆ దేశం 2008లో చేసిన చట్టం ప్రకారం కొత్త గాలిమరల కంపెనీ కనీసం 20 శాతం వాటాలను చుట్టుపక్కల నివాసులకు అమ్మచూపాలి. కిటికీలోంచి కనిపించే గాలిమరలో తనకూ ఒక వాటా ఉన్నప్పుడు ఆ రెక్కల చప్పుడు వేరుగా వినిపిస్తుంది. ఆ నిబంధన 2020లో తొలగిపోయినా, దశాబ్దంపాటు నడిచిన ఆ అనుభవం విలువైనది.

తెలుగు రాష్ట్రాలలోనూ ఇందుకు పోలికలున్నాయి. రాష్ట్రం ఏర్పడిన తొలి ఏళ్ళలో తెలంగాణ పెద్ద పార్కులమీద ఆధారపడకుండా సబ్‌స్టేషన్ల వారీగా బిడ్లు పిలిచింది. అందువల్ల చిన్నచిన్న కేంద్రాలు అనేక జిల్లాలకు వ్యాపించాయి. ఏ ఒక్క మండలంమీదా వేల ఎకరాల భారం పడలేదు. యాజమాన్యం మాత్రం కంపెనీలదే. 2019లో మొదలైన కేంద్రపు కుసుమ్ పథకం మరో అడుగు వేసింది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్లలోపు అర మెగావాటునుంచి రెండు మెగావాట్ల కేంద్రాన్ని రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకోవచ్చునన్నది అందులోని ఒక భాగం. 2024 చివర తెలంగాణ ప్రభుత్వం మహిళా స్వయంసహాయక సంఘాల ద్వారా 1,000 మెగావాట్ల సౌర విద్యుత్తు నెలకొల్పే ప్రణాళిక ప్రకటించింది. పొదుపు సంఘాలకు మూడు దశాబ్దాల చరిత్ర ఉన్న నేలమీద ఇది అసాధ్యమైన ఆలోచన కాదు. బ్యాంకు అప్పు, విడిభాగాల మరమ్మతు, డిస్కమ్ నుంచి సకాలంలో చెల్లింపు అన్న మూడు చోట్ల అది నిలుస్తుందో లేదో తేలుతుంది.

నగరాలలోనూ ఇదే ప్రశ్న చిన్న రూపంలో ఎదురవుతుంది. ఇంటికప్పుమీద ఫలకాలు పెట్టుకొని మిగులు విద్యుత్తును లెక్కకట్టించుకునే ఏర్పాటు దుబాయిలో 2015 నుంచి ఉంది. భారతదేశంలో 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం దాన్ని విస్తరించింది. రెండుచోట్లా కప్పు సొంతమైనవారికే అవకాశం. అద్దెకున్నవాడు, అది రోలాలో అయినా అమీర్‌పేటలో అయినా, బిల్లు కట్టడానికే తప్ప వాటాదారు కావడానికి పనికిరాడు. ఢిల్లీ వంటి చోట్ల నియమావళిలోకి వచ్చిన ఉమ్మడి యాజమాన్యపు పద్ధతి, అంటే కప్పు లేనివారు మరోచోట ఫలకాలలో వాటా కొనుక్కొనే ఏర్పాటు, ఈ లోటును కొంత తీర్చగలదు.

ఈ దారులన్నిటిలోనూ ఉమ్మడిగా కావలసినవి కొన్ని కనిపిస్తాయి. మొదటిది, బంజరుగా నమోదైన నేలను కేటాయించేముందు దాన్ని ఎవరు ఎలా వాడుకుంటున్నారో ఊరిసభలో లెక్క తీయడం. అందుకు కేంద్రం అనుమతి అక్కరలేదు. జిల్లా యంత్రాంగానికి ఉన్న అధికారం చాలు. రెండవది, పరిహారం, లీజు పట్టాదారుతో ఆగిపోకుండా సాగుదారుకూ కాపరికీ ఒక పాలు నిర్ణయించడం. మూడవది, ఉత్పత్తయ్యే ప్రతి యూనిట్‌నుంచీ కొద్ది మొత్తం గ్రామ పంచాయతీకి నేరుగా చేరడం. వీటివల్ల విద్యుత్తు ధర కొంత పెరగవచ్చు. ఇప్పుడా మొత్తాన్ని ఎవరూ చెల్లించడం లేదనుకోవడం పొరపాటు. బిల్లు అందని చోట, మాట వినబడనివారే దాన్ని చెల్లిస్తున్నారు.

రోలాలో మర్రి కూలి ఐదు దశాబ్దాలు కావస్తున్నది. దాని నీడన ఎవరికెంత హక్కు ఉండేదో ఏ రికార్డులోనూ ఉండదు. కూర్చున్నవారందరికీ ఉండేది. గూటిబయలు మర్రి ఇంకా పచ్చగా ఉంది. ఊడలు దిగిన చోటల్లా కొత్త మానుగా నిలదొక్కుకుంటున్నది. దానికి చేరువలో వేల ఎకరాల గాజు ఫలకాలు రోజంతా ఎండను తాగుతున్నాయి. వాటి కింద కూడా నీడ ఉంది. ఆ నీడలో మొలిచే గడ్డిని మేయడానికి కంచె దాటి గొర్రెలను రానివ్వవచ్చునా అన్నది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. ఆ ప్రశ్న అడగడానికి కాపరి ఎక్కడికి వెళ్ళాలి, విని జవాబు చెప్పవలసినవారెవరు అన్నది తేలిననాడు మిగతా లెక్కలు తేల్చుకోవడం కష్టం కాదు.